ఇంటి పనియు ఇంట పనియు

“ఇంటి పని” అనుటకును “ఇంట పని” అనుటకును వ్రాతలో ఒక్క గుడి మాత్రమే భేదము. జీవితములో ఆ భేదము చాల పెద్దది. ఇంటి పనికి జీతము లేదు, సెలవు లేదు. అది తెల్లవారకముందే మొదలై, అందరును పరుండిన పిదప గాని ముగియదు. ఇంట కూర్చుండి చేయు పనికి జీతమో ప్రతిఫలమో కలదు; దానికొక గడువు కలదు; గడువు తప్పినచో అడుగువారు కలరు. ఈ రెండు పనులును ఒకే కప్పుక్రింద, ఒక్కొక్కప్పుడు ఒకే బల్లమీద, జరుగవలసి వచ్చినప్పుడు కాలమును ఏ విధముగ అమర్చుకొనవలెనో శ్రోతలతో కొంతసేపు ముచ్చటింపవలెనని మా కోరిక.

మేమీ విషయమున పండితులము కాము. పదునొకండేండ్లుగ ఇంట కూర్చుండి ఇతరులు వ్రాసిన పుస్తకముల ప్రూఫులు దిద్దియు, అప్పుడప్పుడు అనువాదములు చేసియు జీవించుచున్న వారము. ఈ పదునొకండేండ్లలో మేము చేసిన పొరపాటులలో రెండుమూడింటిని ఇచ్చట చెప్పుకొనక తప్పదు.

ఈ ప్రశ్న క్రొత్తదివలె తోచుటకు 2020వ సంవత్సరము కారణము. ఆ యేడు మార్చి 25 మొదలు దేశమంతటను రాకపోకలు నిలిచిపోగా, హైదరాబాదున మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతముల కంప్యూటరు కార్యాలయములు ఉద్యోగుల యిండ్లలోనికి వచ్చి చేరెను. పడకగదిలో బట్టల బీరువా ప్రక్కను కూర్చుండి సముద్రముల కావలివారితో మాటలాడువారు, వంటింటి గట్టుమీద కంప్యూటరు నుంచుకొని లెక్కలు చూచువారు ప్రతి వీథిలోను కానవచ్చిరి. తరువాతి యేండ్లలో కొందరు కార్యాలయములకు మరలిరి. కొందరు వారమునకు రెండుమూడు దినములు పోయివచ్చుచున్నారు. కొందరు ఇంటనే నిలిచిపోయిరి. అమెరికాలో జాక్ నిల్లెస్ అను ఇంజనీరు రోడ్లమీది వాహనముల రద్దీని గూర్చి ఆలోచించుచు, మనుష్యులు పనికడకు పోవుటకు మారుగా పనియే తంతిమార్గమున మనుష్యులకడకు వచ్చుట మేలని చెప్పి, 1973లోనే దీనికొక పేరు పెట్టెను. మన యూళ్లలో నేతగాండ్రు, స్వర్ణకారులు, కుండలు చేయువారు, చుట్టలు చుట్టువారు పేరేమియు పెట్టకయే తరతరములుగ ఈ పని చేయుచునే యున్నారు.

మేము ఉద్యోగము మానిన తొలి దినమున ఒక లెక్క వేసికొంటిమి. కార్యాలయమునకు పోవుటకు ఒక గంట, తిరిగి వచ్చుటకు ఒక గంట. దినమునకు రెండు గంటలు మిగిలినవి గదా అని సంతోషించితిమి. ఆరు నెలలు తిరుగకముందే ఆ రెండు గంటలే కాక తక్కిన ఎనిమిది గంటలును ఎచ్చటికో పోయినవి. మేము ముందుగదిలో చాపమీద కాగితములు పరచుకొని కూర్చుండెడి వారము. గ్యాసు బండ వచ్చినచో తలుపు తీయవలసినది మేము. ఎదురింటివారి పార్సెళ్లు పుచ్చుకొని సంతకము చేయవలసినది మేము. వారు ఆ మాట మమ్ము అడుగకయే తమ చిరునామా క్రింద మా యింటి నంబరు వ్రాయించిరి. మాతో నుండు మా మేనత్త సహృదయురాలు. “ఇంట్లోనే ఉన్నావు కదా నాయనా, ఆ పాలు పొంగకుండా కాస్త చూడు” అనెడిది. మేము చూచెడి వారము, పాలును పొంగెడివి.

పాలు పొంగిన నష్టమును బిందెడు నీళ్లతో కడిగివేయవచ్చును. పదునారు పేజీల ఫారము నొకదానిని దిద్దకయే దిద్దితిమనుకొని అచ్చునకు పంపుటతో అసలు నష్టము బయటపడెను. పుస్తకము వెలువడిన పిదప ఆ పదునారు పుటలు చూచినవారు నవ్విరి, ప్రచురణకర్త నవ్వలేదు. ఎనిమిది నెలలు మాకు పని పంపలేదు. తప్పు ఆయనది కాదు గనుక మేమేమియు అనలేకపోతిమి.

పాలు చూచుటకు పట్టినది పది నిమిషములు. ఆ పది నిమిషములు దినములో ఒక లెక్కయా అని మేము మొదట అనుకొంటిమి. లెక్క ఆ పదితో తీరదు. ఒక పనిని నడుమ విడిచి మరియొక దానికి పోయినప్పుడు మనస్సులో కొంత భాగము మొదటి పనికడనే నిలిచిపోవునని సోఫీ లెరాయ్ అను పరిశోధకురాలు 2009లో ప్రయోగపూర్వకముగ చూపెను. ప్రూఫు దిద్దువానికి ఇది ప్రయోగము లేకయే తెలియును. పంక్తి మీద కన్నుండును, అక్షరము కనబడును, తప్పు కనబడదు.

ఆ పని లేని నెలలలో మంగళగిరిలో బంధువుల యింట మూడు దినము లుండుట సంభవించెను. ఎదురింట గుంటమగ్గ ముండెను. మాకు చేయుటకు వేరే పనిలేదు గనుక అరుగుమీద కూర్చుండి దానినే చూచితిమి. నేతగాడు నేలలో త్రవ్విన గుంటలోనికి కాళ్లు దింపి కూర్చుండును. కాళ్లు త్రొక్కుడు చెక్కల మీద, చేతులలో నొకటి పన్నె మీద, ఒకటి నాడెను నడపు త్రాటి మీద. అట్లు కూర్చున్న మనిషిని లేచి వచ్చి పాలు చూడుమని ఎవరును పిలువరు. లేచి వచ్చుట ఎంత పెద్ద పనియో చూచువారి కందరికిని తెలియుచునే యుండును. ఇంటి నడుమనే యున్నను ఆ గుంట ఒక గడప వంటిది. మా చాపకు అట్టి గడప లేదు.

మరియొక సంగతి. పడుగును వీథిపొడవున సాచి గంజి పట్టించి తీర్చుట తెల్లవారుజామున చేయుదురు. ఎండ యెక్కినచో గంజి వేగముగ ఆరి, దారము పెళుసై తెగిపోవును. వానపడినచో ఆ పని సాగదు. గుంటలో నీరూరిన దినమున నేతయు సాగదు. అనగా వారి కాలపట్టికను గడియారము వ్రాయలేదు, పని స్వభావము వ్రాసినది. ఏ పనికి ఏ వేళ తగునో తెలిసికొని ఆ వేళను దానికే విడిచిపెట్టుట అచ్చట పద్ధతి. “ఇవాళ ఎన్ని గంటలు నేశారు?” అని మేము అడిగినప్పుడు ఆయన కొంచెము ఆశ్చర్యపడి, “గంటలా? బారెడు తక్కువగా నాలుగు గజాలయిందండి” అనెను. ఆయన కొలత గుడ్డ, కాలము కాదు.

ఈ విధముగ పనిని కొలిచి చేసినవారిలో ఆంగ్ల నవలాకారుడు ఆంటొనీ ట్రాలొప్ ప్రసిద్ధుడు. ఆయన తపాలా శాఖలో పెద్ద ఉద్యోగి. ఉద్యోగము చేయుచునే పదుల సంఖ్యలో నవలలు వ్రాసెను. ఉదయము అయిదున్నరకు బల్లముందు కూర్చుండి, ముందుగ అరగంట నిన్న వ్రాసినది చదువుకొని, పిదప గడియారమును ఎదుట పెట్టుకొని పావుగంటకు 250 మాటల చొప్పున వ్రాసెడివాడు. మూడు గంటలతో ఆనాటి రచన సరి; తరువాత ఫలాహారము, ఉద్యోగము. ఆయన మరణానంతరము 1883లో వెలువడిన ఆత్మకథలో ఈ లెక్క యంతయు దాచుకొనక చెప్పెను. రచన దివ్యావేశమున పుట్టునని నమ్మిన పాఠకులకు ఈ పావుగంటల లెక్క రుచింపలేదు. ప్రూఫులు దిద్దు మాకు మాత్రము చాల నచ్చెను.

మంగళగిరినుండి తిరిగివచ్చి మేమును కొలత పెట్టుకొంటిమి. తొలుత దినమునకు నలుబది పుటలని వ్రాసికొంటిమి. వారము గడచునప్పటికి సగటున ఇరువదిరెండు మాత్రమే యయ్యెను. ఇది మా సోమరితనము మాత్రమే కాదట. కెనడాలో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అను మనస్తత్వవేత్తలు విశ్వవిద్యాలయ విద్యార్థులను, మీ సిద్ధాంతవ్యాసము ముగియుటకు ఎన్ని దినములు పట్టునని అడిగిరి. సగటున 34 దినములని విద్యార్థులు చెప్పిరి. పట్టినవి 55. ఈ ఫలితమును వారు 1994లో ప్రకటించిరి. మనుష్యుడు రాబోవు పనిని ఊహించునప్పుడు ఆటంకములు లేని దినమునే ఊహించునట. తాను వెనుక చేసిన పనులకు ఎంత కాలము పట్టినదో జ్ఞాపకముంచుకొనడు. అందుచేత శ్రోతలకు మేము చెప్పదగిన మొదటి సలహా మిక్కిలి చిన్నది. పట్టిక వ్రాయుటకు ముందు రెండు వారములు ఏమియు మార్చక, చేసినది చేసినట్లు ఒక నోటుపుస్తకములో వ్రాయుడు. ఏ పనికి ఎంతసేపు పట్టుచున్నదో, ఎవరెప్పుడు పిలిచిరో, ఎన్ని గంటలకు కన్ను మూతలు పడినవో వ్రాయుడు. కొంచెము సిగ్గు కలుగును. సిగ్గుపడి మానివేయకుడు.

ఆ నోటుపుస్తకము మాకు రెండు సంగతులు చెప్పెను. తప్పులు పట్టుటకు మా కన్ను ఉదయము తొమ్మిది మొదలు పండ్రెండున్నర వరకు చురుకుగ నుండును. భోజనానంతరము రెండు గంటలు అది దేనికిని పనికిరాదు. అయినను మేము ఆ చురుకైన వేళను ఉత్తరములకు జవాబులు వ్రాయుటకును, ఫోనులో మాటలాడుటకును వ్యయపరచుచు, మసకవేళను ప్రూఫులకు మిగుల్చుచుంటిమి! ఉత్తరముల సంగతి మరియు వింత. తొందర లేని దినమున ఒక్క ఉత్తరమునకు గంటసేపు పట్టినట్లుండెను. తొందర దినమున అట్టివే అయిదు అరగంటలో తెమలినవి. పనికి ఎంత కాలము ఇత్తుమో అంత కాలమును నిండ వ్యాపించునని పార్కిన్సన్ అను చరిత్రకారుడు 1955లో ఒక వ్యంగ్యవ్యాసమున వ్రాసెను. ఆయన నవ్వులాటకు వ్రాసిన దానిని మా నోటుపుస్తకము గంభీరముగ సమర్థించెను.

అంతట పట్టిక తయారయ్యెను. ఉదయము తొమ్మిది మొదలు పండ్రెండున్నర వరకు ప్రూఫులు, ఇరువదియైదు పుటలు. చాపకు మారుగా గోడవైపు ముఖము పెట్టిన బల్ల. ఫోను వెనుకగది బీరువాలో. ఉత్తరములకు సాయంకాలము అరగంట. మరునాటి కాగితములు ముందునాటి రాత్రియే వరుసగ పేర్చి, మొదట దిద్దవలసిన పుటమీద పెన్సిలు నుంచుట. ఈ చివరిది చిన్న యుపాయమే కాని దీనికంటె ఉపకరించినది వేరొకటి లేదు. ఉదయము ఏమి చేయవలెనని ఆలోచించుటలోనే అరగంట పోవు వారికి దీనిని ప్రత్యేకముగ చెప్పుచున్నాము. తొమ్మిది గంటలకు మా మేనత్త రేడియో కట్టివేయవలెను. మేము తలుపు తీయము, పాలు చూడము. ఆ ప్రకారము ఒక పెద్ద కాగితముమీద వ్రాసి గోడకు అంటించితిమి. పని తిరిగి వచ్చెను. రెండేండ్లలో ఒక్క గడువును తప్పలేదు. మిత్రులు వచ్చి ఆ కాగితమును చూచి మెచ్చుకొనిరి. మేమును దాచుకొనక గర్వించితిమి.

మా గృహిణి రవికలు కుట్టును. మా వీథిలోను వెనుక వీథిలోను కలసి పదునైదిండ్లవరకు ఆమెకు పని యిచ్చెడివారు. కుట్టుమిషను ముందుగదిలోనే, వెలుతురు కొరకు కిటికీ దగ్గర ఉండెను. మిషను చప్పుడు చేయును. అందుచేత తొమ్మిదినుండి పండ్రెండున్నర వరకు అది ఆగిపోయెను. మాకు వడ్డించి, గిన్నెలు సర్ది, పిల్లవాడు బడినుండి వచ్చులోపల ఒక గంట, తిరిగి వంట, తిరిగి రాత్రి పది గంటల తరువాత దీపముక్రింద మిగిలినది. మాఘమాసమున పెండ్లిండ్ల రద్దీలో ఒకనాటి రాత్రి పదకొండు దాటినపిమ్మట మిషను సూది ఆమె చూపుడువ్రేలిలో దిగెను. వైద్యుడు గోరు తీసివేసి కట్టు కట్టెను. పెండ్లికూతురి రవిక ముహూర్తమునకు అందలేదు. ఆ యింటివారు పిదప మరి పని యియ్యలేదు.

మరునాడు ఆమె కట్టుకట్టిన చేతితో కాఫీ తెచ్చియిచ్చి, గోడమీది కాగితము ముందు కొంతసేపు నిలుచుండెను. “ఏమండీ, ఇందులో మీ గంటలన్నీ ఉన్నాయి. నా గంటలు ఎక్కడున్నాయో కాస్త చూపించండి” అనెను. కోపముతో అనలేదు. మేము చూచితిమి. ఆమె గంటలు అందు లేకపోలేదు. “నిశ్శబ్దము” అని మేము ఎఱ్ఱసిరాతో వ్రాసిన చోటనే యున్నవి.

ట్రాలొప్ ఆత్మకథను తిరిగి తీసితిమి. ఆ పావుగంటల లెక్కకు దగ్గరనే మేము మొదటిసారి చదివి దాటిపోయిన వాక్యములు కొన్ని కలవు. అయిదున్నరకు బల్లకడ కూర్చుండుటకు ఆయనను ప్రతిదినము నిద్ర లేపినవాడు ఇంటి గుఱ్ఱముల కాపరియైన ఒక ముసలివాడు. అందుకై అతనికి ఏడాదికి అయిదు పౌనులు ఎక్కువ ఇచ్చెడివాడట. ఆ ముసలివాడు ఒక్కనాడును కాఫీ తెచ్చుటలో ఆలస్యము చేయలేదనియు, తన విజయమునకు అందరికంటె అతనికే ఎక్కువ ఋణపడియుంటిననియు ట్రాలొప్ ఒప్పుకొనెను. అయిదున్నరకు యజమాని లేచినచో సేవకుడు ఎప్పుడు లేచియుండవలెనో శ్రోతలు లెక్కవేయగలరు. ట్రాలొప్ కనీసము అయిదు పౌనులు ఇచ్చెను, పుస్తకములో చెప్పెను. మేము ఆ రెండును చేయలేదు.

మంగళగిరి మగ్గమును గూర్చియు మేము సగమే చూచితిమి. నాడెలో పెట్టు కండెలు అయిపోయినకొలది నేతగాని ప్రక్కకు క్రొత్త కండెలు వచ్చుచునే యుండెను. వానిని రాట్నముమీద చుట్టుచున్నది ఆయన భార్య. వంటింటికిని రాట్నమునకును నడుమ ఆమె ఎన్నిసార్లు తిరిగినదో మేము లెక్కపెట్టలేదు. నాలుగు గజములు ఆయన నేసెనని చెప్పిరి, మేమును అట్లే వ్రాసికొంటిమి. పోచంపల్లి చీరలు నేయు ప్రాంతములో ఇది మరియు స్పష్టము. రంగులద్దుటకు ముందు దారమును ఆసుమీద మేకులచుట్టు వేలసార్లు చేయి త్రిప్పి పోయవలెను. ఒక చీరకు నాలుగైదు గంటలు పట్టును. ఆ పని ఎక్కువగ స్త్రీలది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి భుజముల నొప్పి చూడలేక ఏండ్లతరబడి శ్రమించి 1999లో ఆ పనికొక యంత్రము నిర్మించెను. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగెను. యంత్రమునకు తల్లి పేరే పెట్టెను. 2017లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ యిచ్చినది. చీర మగ్గముమీద ఎంతసేపు ఉండునని అందరును అడుగుదురు. మగ్గమునకు ముందు ఏ భుజము మీద ఉండెనని అడిగినవాడు ఆయన.

నరసాపురము ప్రాంతములో పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీలు నేర్పిన లేసు అల్లిక తరువాత విదేశముల కెగుమతియగు వ్యాపారమయ్యెను. దారము ఇండ్లకు వచ్చును, అల్లిన లేసు ఇండ్లనుండి పోవును; కూలి ముక్కల లెక్కన. జర్మను దేశపు సాంఘికశాస్త్రజ్ఞురాలు మారియా మీస్ అచ్చట పరిశోధించి 1982లో ఒక పుస్తకము ప్రకటించెను. దినమునకు గంటలకొలది అల్లుచున్న ఆ స్త్రీలను చుట్టునున్నవారు “ఇంట్లో ఊరక కూర్చున్నవారు” అనియు, వారి పనిని తీరికవేళ కాలక్షేపమనియు భావించుచుండుట ఆమెను ఆశ్చర్యపరచెను. కాలక్షేపమునకు తక్కువ కూలి యిచ్చిన చాలును గదా! ఇంట పని ఇంటి పనిలో కలసిపోయినప్పుడు దాని వెల కూడ కలసిపోవును.

ఇది ఏదో పాతకాలపు సంగతి యనుకొనరాదు. జాతీయ గణాంక కార్యాలయము 2024లో దేశమంతట జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటివారికొరకు జీతము లేక ఇంటిపని చేసిన స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములు, పురుషులు 88 నిమిషములు చేసినట్లు తేలెను. అదియు ఆ పనిలో చేయి పెట్టినవారి సగటు. స్త్రీలలో నూటికి ఎనుబదిమందికి పైగ చేయి పెట్టగా, పురుషులలో ముప్పదిమందియు లేరు. కంప్యూటరుముందు భార్యాభర్త లిద్దరును కూర్చున్న యిండ్లలో గూడ కుక్కరు కూత పెట్టినప్పుడు ఎవరు లేచుచున్నారో గమనించినయెడల ఈ సంఖ్యలు ఎచ్చటినుండి వచ్చినవో తెలియును.

చైనాలో ప్రయాణముల టికెట్లు అమ్ము సీట్రిప్ అను పెద్ద సంస్థ 2010-11లో తొమ్మిది నెలలు ఒక ప్రయోగము చేసెను. ఇష్టపడిన ఉద్యోగులలో కొందరిని చీటివేసినట్లు ఎంచి, వారమునకు నాలుగు దినములు ఇంటినుండి ఫోనులో పనిచేయనిచ్చిరి. నికొలస్ బ్లూమ్ మున్నగు ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కించి చూడగా వారి పని నూటికి 13 వంతులు పెరిగెను. ఇంటి పని నూటికి పదుమూడు లాభమని దీనిని పలువురు ఉదాహరింతురు. ఇంట తనకొక ప్రత్యేకమైన గది యున్నవారినే ఆ ప్రయోగములో చేర్చుకొనిరన్న సంగతిని అంతగ ఉదాహరింపరు. మన యిండ్లలో గది ఎక్కడ? రెండు గదులలో అయిదుగురు నివసించు చోట ఒకరికి గది యియ్యవలెనన్న నలుగురు బయటికి పోవలెను. గది యీలేనిచోట ఈయదగినది కాలమొక్కటే. ఒకే చోటును వేళలవారిగ పంచుకొనవచ్చును.

ఆ విధముగనే మేము రెండవ పట్టిక వ్రాసితిమి. ఈమారు మేమొక్కరము వ్రాయలేదు. నలుగురమును భోజనపు బల్లచుట్టు కూర్చుండి వ్రాసితిమి. మొదట పనివారి పేర్లు కాక పనుల పేర్లు వ్రాసితిమి. నీళ్లు పట్టుట, పాలు, ఉదయపు వంట, మధ్యాహ్నపు వంట, గిన్నెలు, పిల్లవాని పాఠములు, మేనత్త మందులు, తలుపు తీయుట. ఈ చివరిది పని యని మాకు అంతకుముందు తోచలేదు. రెండు వారములు వ్రాసి చూడగా తలుపు దినమునకు తొమ్మిది పదిసార్లు తట్టబడుచుండెను. పిదప ప్రతి పని యెదుట దానికి వెలుతురు కావలెనా, నిశ్శబ్దము కావలెనా, చప్పుడు చేయునా అని గుర్తు పెట్టితిమి. ప్రూఫులకు నిశ్శబ్దము కావలెను. కుట్టుపనికి వెలుతురు కావలెను, అది చప్పుడు చేయును. గుడ్డ కత్తిరించుటకు, గుండీలు కుట్టుటకు చప్పుడు లేదు. ఈ సంగతి ఆమెకు మొదటినుండియు తెలియును. మమ్ము అడిగినవారు లేరు, మేమును అడుగలేదు.

అంతట ఉదయము తొమ్మిది నుండి పదకొండు వరకు నిశ్శబ్దపు పనులు. మేము దిద్దుదుము, ఆమె కత్తిరించును. పదకొండు నుండి ఒంటిగంట వరకు కిటికీయు వెలుతురును మిషనువి. మేము వంటింటిలో మధ్యాహ్నపు వంట చేయుదుము. తలుపు తీయువంతు మొదటి రెండు గంటలు ఆమెది కాదు, మాది కాదు, మేనత్తది. ఆమె దానిని మహోత్సాహముతో స్వీకరించి ఎదురింటివారి పార్సెళ్లను మొదటి వారమునందే ఆపివేసినది. మాకు పదునొకండు నెలలలో చేతగానిది ఆమె ఎట్లు చేసెనో ఇప్పటికిని తెలియదు. మొదటి మాసమున మా వంటను గూర్చి ఎవరును ఏమియు అనలేదు; అదియే చాలును.

దాపరికమెందుకు, మా ఇరువదియైదు పుటలు ఇరువదియొకటికి దిగెను. ఆ నాలుగు పుటల కూలి నెలకు ఎంతయో మాకు పైసలతో సహా తెలియును. ఆమె రవికలు వారమునకు ఎనిమిదినుండి పదమూడైనవి. రాత్రి పదిగంటల తరువాత మిషను మూతపడియే యుండును. రవికకు కూలి కూడ ఆమె పెంచెను. “ఇంట్లో కూర్చుని కుట్టేదానికి ఇంతా?” అని ఒకరిద్దరు మానుకొనిరి, తక్కినవారు ఇచ్చుచున్నారు.

ఇంట పనిచేయువారు మరువరాని సంగతి మరియొకటి కలదు. పైని చెప్పిన చైనా ప్రయోగము ముగిసి, ఇల్లా కార్యాలయమా ఎంచుకొనుడని అడిగినప్పుడు, అందు పాల్గొన్నవారిలో సగమునకు పైగ తమ యేర్పాటును మార్చుకొనిరి. ఇంట నున్న పలువురు ఒంటరితనము భరింపలేక కార్యాలయమునకు మరలిరి. చేసిన పనిని పట్టి చూడగా ఇంటివారికి పదోన్నతులును తక్కువగనే దొరకినవట. కంటికి కనబడని మనిషి పెద్దలకు జ్ఞప్తికి రాడేమో. అందుచేత మేము గురువారము సాయంకాలము అచ్చుకూటమునకు పోయి, పనియున్నను లేకున్నను నలుగురితో టీ త్రాగి వచ్చెదము. మా గృహిణి ఆదివారము ఉదయము వెనుక వీథిలోని మరి ఇద్దరు కుట్టుపనివారితో కూడి బజారునకు దారము, గుండీలు, అస్తరుగుడ్డ కొనుటకు పోవును. ముగ్గురును కలసి కొనినచో వెల తగ్గును. రవికల కూలి పెంచవలెనన్న ఆలోచన కూడ ఆ నడకలోనే పుట్టినదట. ఆ దినమున ఫలాహారము పిల్లవాడును మేమును చేయుదుము.

సాయంకాలము ఆరు గంటలకు మిషనుమీద గుడ్డ కప్పుదుము. ప్రూఫులు కట్టకట్టి, మరునాటి మొదటి పుటమీద పెన్సిలు పెట్టి, కట్టను బీరువా పైకి ఎక్కించెదము. బల్లను గోడదగ్గరనుండి గది నడుమకు జరిపినచో అది భోజనపు బల్లయగును. జరుపుట పిల్లవాని వంతు. గోడమీది కాగితమును ఆర్నెల్లకొకసారి మార్చుచున్నాము, బడివేళలు మారును, పెండ్లిండ్ల కాలము వచ్చును గనుక. పదకొండు గంటల గడిలో మాత్రము మేనత్త తన చేతితో పెన్సిలుతో “రేడియో” అని వ్రాసినది అట్లే యున్నది. ఆ వేళకు మిషను చప్పుడు మొదలగును గనుక రేడియో వంటింటిలోనికి వచ్చును. ఆమె పీటమీద కూర్చుండి వినును, మేము కూర తరిగెదము.